పన్నెండో అంతస్తు మరక

దసరా మరునాడు పొద్దున లింగమూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి తాడు పట్టుకుని టెర్రస్ మీంచి దిగాలి. పన్నెండో అంతస్తు ఈశాన్య మూల అద్దం మీది మరకను పోగొట్టాలి. పన్నెండు కొట్టేలోగా నేలమీదికి చేరి, బుచ్చమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె తినాలి. అందులో అంబులెన్సు లేదు, అలారం లేదు, ఎండలో నిలబడి ఆకాశంలోకి చూసే రెండువేలమంది ఇంజనీర్లు అసలే లేరు.

లింగమూర్తికి నలభై ఎనిమిదేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా ఐటీ భవనాల అద్దాలు తుడుస్తున్నాడు. పుట్టింది నానక్‌రామ్‌గూడలోనే. ఆ ఊరి చుట్టూ టవర్లు లేచాక నేలమీద ఆయనకు దారి తెలియడం మానేసింది. నిన్నటి సందు ఇవాళ గోడ అయ్యేది, ఇవాళ్టి గోడ రేపటికి గేటు అయ్యేది. సొంత ఊళ్ళో ఆటోవాళ్ళను దారి అడిగిన రోజులున్నాయి. కానీ తాడుమీద పన్నెండో అంతస్తు దగ్గరికి దిగి తల తిప్పితే చాలు, ఊరంతా ఒక్కసారిగా కనబడేది. తను బడికి పోయిన సందు, పీర్ల కొట్టం, మూసేసిన మోటబావి మీది సిమెంటు పలక, ఆ పక్కన కోర్టు కేసులో ఇరుక్కుని ఎవరూ కట్టలేకపోయిన ఖాళీ జాగా, అందులో మేసే నాలుగు బర్రెలు. తుడిచే చెయ్యి తుడుస్తూనే ఉండేది, మనిషి మాత్రం ఆ సందులో తిరుగుతుండేవాడు. అది ఆయన సుఖం. ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ సుఖానికే ఆ పొద్దున ముప్పు వచ్చింది. భవనం నిర్వహణ చూసే సురేంద్ర అనంతపురం మనిషి. చేతిలో వాకీటాకీ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. మెట్ల దగ్గరే లింగమూర్తిని పట్టుకున్నాడు.

"ఏమప్పా, నాలుగు నెల్లాయ. ఒక్క మరక పోగొట్టలేకపోతివే. పెద్దసారు మళ్ళా మెయిలు పెట్టినాడు."

"అది నా దిక్కుది కాదు సారూ. లోపటి దిక్కుది."

"లోపల సరోజమ్మ శనివారం శనివారం తుడుస్తాంది. సోమవారం సాయంత్రానికి మళ్ళా వస్తాంది. లోపలిదైతే తుడిస్తే పోవల్ల గదా?"

ఈ తర్కంలో ఎక్కడో చిల్లు ఉందని లింగమూర్తికి అనిపించింది గానీ, ఎక్కడుందో వేలుపెట్టి చూపించలేకపోయాడు. ఆ అద్దం రెండు పొరలది. పైగా రంగు అద్దం. మరక ఏ వైపు ఉందో బయటినుంచి చూసి తేల్చుకునే వీలు లేదు. అరచేయంత వెడల్పున, మసకగా, తెల్లటి చారలతో నాలుగు నెలలుగా అక్కడే ఉంది. సబ్బు వేశాడు, నిమ్మ ఉప్పు వేశాడు, మొండి మరకలకని కంపెనీ ఇచ్చిన మందు వేశాడు. దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

"పన్నెండుకు డ్రోను వాళ్ళు వస్తాండారు," అన్నాడు సురేంద్ర. "అంతలోపల మరక పోతే సరి. పోలేదంటే రేపట్నుంచి అద్దాలు డ్రోను తుడుస్తాది. నువ్వు కింద జనం రాకుండా టేపు కట్టుకొని విజిలు ఊదు. జీతం అదే. నీడన కూచోవచ్చు గూడా."

వేరెవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్ళు. లింగమూర్తి గుండెలో మాత్రం రాయి పడింది. కింద కూర్చుంటే నీడ దొరుకుతుంది, ఊరు దొరకదు. ఈ మాట వాకీటాకీ పట్టుకున్న మనిషికి ఎలా చెప్పాలో తెలియక, తల ఊపి టెర్రస్ మీదికి వెళ్ళాడు.

పైన సంతోష్ తాళ్ళు బిగిస్తున్నాడు. తాళ్ళ కొక్కేలు చూసుకునే మనిషి అతడే. లింగమూర్తి సామాను చూసి నవ్వాడు. నవ్వడా మరి. నిన్న ఆయుధపూజలో బుచ్చమ్మ భర్త పనిముట్లను పెళ్ళికూతుళ్ళను చేసింది. రబ్బరు పట్టీకి పసుపు, స్పాంజి పిడికి పసుపు, బకెట్టుకు లోపలా బయటా నాలుగు వేళ్ళతో పట్టెలు, ఆ పట్టెల మీద కుంకుమ బొట్లు. అది చాలదన్నట్టు, అంత ఎత్తున వేలాడే మనిషికి దిష్టి తగలకుండా గుప్పెడు పసుపూ గుప్పెడు కుంకుమా తెల్లగుడ్డలో మూటగట్టి బకెట్టు పిడికి వేలాడదీసింది. పూజ చేసిన పనిముట్లను కడగకూడదని, పసుపు దానంతటదే పోవాలని వాళ్ళింటి పద్ధతి. పద్ధతి పెట్టినవాళ్ళు కొడవళ్ళను, గడ్డపారలను దృష్టిలో పెట్టుకున్నారు. రోజంతా సబ్బునీళ్ళలో మునిగే పనిముట్ల సంగతి వాళ్ళకు తట్టలేదు.

లింగమూర్తి నడుముకు పట్టీలు బిగించుకుని, కొత్తగా ఇచ్చిన రక్షణ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. అవి నల్లద్దాలు. పెట్టుకోగానే తొమ్మిదింటి ఎండ సాయంత్రమైపోయింది. టవర్లన్నీ మెత్తబడ్డాయి. దూరంగా రోడ్డుమీది కార్లు చప్పుడు లేకుండా జారిపోతున్నాయి. ఇలాంటి వెలుతురులో ఊరు ఎంత బాగుంటుందో అనుకుంటూ ఆయన అంచు దాటి కిందికి దిగాడు.

మరక ఉన్నచోటే ఉంది. సబ్బునీళ్ళు చల్లి రుద్దడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలకోసారి సురేంద్ర వాకీటాకీలో పోయిందా, పోయిందా అని అడగసాగాడు. నాలుగోసారికి లింగమూర్తి తన దగ్గరున్న వాకీటాకీని ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎంత హాయిగా ఉందో చెప్పలేం. గాలి తాడును కొంచెం ఊపుతోంది. కింద ఖాళీ జాగాలో బర్రెలు ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. ఇదే ఆఖరి రోజేమో అనుకుంటే ఆయనకు కళ్ళు చెమ్మగిల్లాయి. కడసారిగా చూసుకుందామని తల పూర్తిగా అటు తిప్పి, చేతిని దాని మానాన వదిలేశాడు. అటు చూస్తూ ఉన్నప్పుడే బకెట్టు పిడికి కట్టిన మూట జారి నీళ్ళలో పడింది. ఆ సంగతి ఆయనకు తెలియదు.

పసుపులో సబ్బు పడితే ఏమవుతుందో బట్టలుతికిన ప్రతివాళ్ళకూ తెలుసు. బకెట్టులోని నీళ్ళు మొదట నారింజ రంగుకు వచ్చాయి, తర్వాత ఎర్రబడ్డాయి, ఆ తర్వాత చిక్కగా ఎర్రబడ్డాయి. లింగమూర్తి స్పాంజి ముంచాడు, రుద్దాడు, మళ్ళీ ముంచాడు. నల్లద్దాల్లోంచి ఆయనకు అంతా సాయంత్రపు రంగులోనే కనబడింది.

పదకొండో అంతస్తులో ఫోను మీటింగులో ఉన్న ఒకతను కిటికీమీద సన్నటి ఎర్రటి చార జారడం చూశాడు. తల ఎత్తితే పైన రెండు కాళ్ళు వేలాడుతున్నాయి. మనిషి తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. అతను ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. ఆ కబురు పదో అంతస్తుకు చేరేసరికి లింగమూర్తి చెయ్యి తెగింది. తొమ్మిదిలో నరం తెగింది. ఎనిమిదో అంతస్తుకు వచ్చేసరికి ఆయనకు స్పృహ లేదు.

ఎనిమిదో అంతస్తులో హెచ్‌ఆర్ తేజస్విని ఉంది. ప్రథమ చికిత్సలో రెండురోజుల శిక్షణ పొంది సర్టిఫికెట్టు తెచ్చుకుని, మూడేళ్ళుగా ఎవరికీ ఏమీ కాక ఎదురుచూస్తున్న అమ్మాయి. మనసు మంచిది. వెంటనే అంబులెన్సుకు ఫోను చేసి, మందుల పెట్టె తీసుకుని, పదిమందిని వెంటబెట్టుకుని పన్నెండో అంతస్తుకు పరిగెత్తింది. ఆ మూలనున్న పెద్దసారు గది తాళం వేసి ఉంది, ఆయన ఇంకా రాలేదు. పక్కనున్న మీటింగు హాల్లోకి వెళ్ళి అద్దం మీద దబదబా బాదారు.

లింగమూర్తి తల తిప్పాడు. ఆ అద్దాలు ఎంత మందమంటే లోపలివాళ్ళు ఏం మాట్లాడినా చేపలు నోరు తెరిచినట్టే ఉంటుంది. పదిమంది తనవైపే చూస్తున్నారు. ఒకమ్మాయి నోటిమీద చెయ్యి పెట్టుకుంది, ఇంకొకతను చేతులు జోడించాడు. పద్దెనిమిదేళ్ళలో ఆఫీసువాళ్ళు తనవైపు ఇంత శ్రద్ధగా చూడటం ఆయన ఎరగడు. మరక పోయినట్టుంది, అది చూసి సంబరపడుతున్నారనుకుని, మర్యాదకు ఒక చెయ్యి ఎత్తి, పడిపోకుండా రెండో చెయ్యి అద్దానికి ఆనించాడు. అయిదు వేళ్ళూ ఎర్రగా అచ్చుపడ్డాయి. లోపల ఒకతను కుర్చీలో కూలబడ్డాడు.

తేజస్విని గబగబా ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. 'పని గురించి ఆలోచించకండి. వెంటనే దిగిపోండి. మేం చూసుకుంటాం.'

ఆ అట్ట చదివిన లింగమూర్తికి ప్రాణం ఉసూరుమంది. డ్రోను ముందే వచ్చేసిందన్నమాట. ఇక తనతో పని లేదన్నమాట. ఇంతమంది వచ్చింది సంబరపడటానికి కాదు, సాగనంపడానికి. ఆ చేతులు జోడించడం కూడా అందుకే. ఆయన వద్దని గట్టిగా తల ఊపాడు. పన్నెండు ఇంకా కాలేదని మణికట్టు చూపించాడు. దానిమీంచి ఎర్రటి నీళ్ళు కారుతుండటంతో లోపలివాళ్ళు దాన్ని వేరే విధంగా అర్థం చేసుకున్నారు. అంతటితో ఆగక ఆయన స్పాంజి మళ్ళీ ముంచి, పట్టుదలగా రుద్దడం మొదలుపెట్టాడు.

మనుషుల్లో ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా అని హాల్లో ఉన్నవాళ్ళు అబ్బురపడ్డారు. రక్తం ధారలుగా కారుతున్నా పని వదలడం లేదు. ఒక టీమ్ లీడర్ అక్కడికక్కడే ఫొటో తీసి, ఉద్యోగస్తులు తమ గొప్పలు తాము రాసుకునే సైటులో పెట్టాడు. బాధ్యత అంటే ఏమిటో ఈయన్ని చూసి నేర్చుకోమని, తన టీమ్‌కు తాను రోజూ చెప్పేది ఇదేనని రాశాడు. పావుగంటలో ఎనిమిది వందల మంది మెచ్చుకున్నారు. ఈలోగా ఎవరికో ఏదో ఒకటి చెయ్యాలనిపించి, చెయ్యడానికి గోడమీద ఉన్న ఒకే ఒక్క మీట నొక్కారు. అది ఫైరు అలారం.

పద్నాలుగు అంతస్తులూ ఖాళీ కావడం మొదలైంది. తేజస్విని బృందాన్ని కూడా సెక్యూరిటీవాళ్ళు మెట్లవైపు తోలేశారు. లింగమూర్తి అద్దం ఇవతల నిశ్శబ్దంలో వేలాడుతూ, కిందికి చీమల బారుల్లా వస్తున్న జనాన్ని చూసి, తను ఒక్కడు దిగనన్నందుకు ఇంతమందిని పంపించేస్తున్నారా అని కొంచెం భయపడ్డాడు.

అప్పుడు మరక వెనక గది తలుపు తెరుచుకుంది. లోపలికి వచ్చింది పెద్దసారు రామబ్రహ్మం. ప్రొద్దుటూరు నుంచి వచ్చి, రెండువేలమంది మీద అధికారిగా ఎదిగిన మనిషి. నుదుట మూడు విభూతి రేఖలు లేకుండా ఇంట్లోంచి బయటికి రాడు. లిఫ్టులోంచి అడుగు పెట్టగానే అలారం మోగింది, ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎదురుగా అద్దమంతా ఎర్రగా ఉంది, దాని వెనక ఒక మనిషి నీడ కదులుతోంది. ఆయన భయంభయంగా దగ్గరికి వచ్చి, సరిగ్గా చూద్దామని నుదురు అద్దానికి ఆనించాడు.

నుదురు వెళ్ళి మరకమీద ఆగింది. కొలిచి కుట్టిన టోపీలా సరిపోయింది.

లింగమూర్తి చెయ్యి ఆగిపోయింది. కళ్ళద్దాలు తీసేసి చూశాడు. మరకలోని తెల్లటి చారలు, ఆ నుదుటి మీది రేఖలు, ఒకటే. తలకు రాసుకున్న కొబ్బరినూనె మెరుపుతో సహా ఒకటే. నాలుగు నెలలుగా తను తుడుస్తున్నది ఈయన నుదుటిని. అప్పుడే చుట్టూ ఉన్న ఎరుపు కూడా ఆయన కళ్ళబడింది. బకెట్టు చూశాడు, నీళ్ళలో తేలుతున్న బుచ్చమ్మ మూట చూశాడు, కింది అంతస్తులన్నీ తడిపిన చారలు చూశాడు. అంతా అర్థమై, ఏం చెయ్యాలో తెలియక చిన్నగా నవ్వాడు. తర్వాత వేలితో మరకను చూపించి, తన నుదుటిని చూపించాడు.

రామబ్రహ్మం వెనక్కి జరిగి మరకను చూశాడు. నుదుటిని తడుముకుని వేళ్ళకంటిన విభూతి చూసుకున్నాడు. ఆ ముఖం చూస్తే లింగమూర్తికి జాలేసింది. రోజూ రెండింటినుంచి మూడింటిదాకా పెద్దసారు తలుపు వేసుకుని కంపెనీ భవిష్యత్తు గురించి ఆలోచిస్తారని, ఆ వేళ ఎవరూ తట్టకూడదని భవనమంతటికీ తెలుసు. ఆ గంటసేపూ ఆయన చేసేది ఈ అద్దానికి తల ఆనించి నిలబడటమని తెలిసింది ఇప్పుడు ఒక్క లింగమూర్తికే. దేన్ని చూస్తాడో కూడా ఆయన అడగనక్కర లేకపోయింది. ఆ అద్దంలోంచి కనబడేది ఒక్కటే. లింగమూర్తి తల తిప్పి ఖాళీ జాగావైపు చూశాడు. రామబ్రహ్మం కూడా అటే చూశాడు. అలారం మోగుతున్న భవనంలో ఆ అద్దానికి చెరోవైపు ఇద్దరు మగవాళ్ళు కాసేపు బర్రెలను చూస్తూ ఉండిపోయారు.

పెద్దసారు తేరుకుని జేబులోంచి రుమాలు తీశాడు. అది అద్దందాకా వెళ్ళేలోపలే సెక్యూరిటీవాళ్ళు వచ్చి, రెక్క పట్టుకుని ఆయన్ని మెట్లవైపు తీసుకుపోయారు. లింగమూర్తి కూడా నెమ్మదిగా నేలకు దిగాడు.

కింద స్ట్రెచరు సిద్ధంగా ఉంది. ఇద్దరు ఆయన్ని పట్టుకుని పడుకోబెట్టబోయారు. నాకేం కాలేదు, జర ఇడువుండ్రి అని ఆయన ఎంత చెప్పినా, అది షాకులో మాట్లాడే మాటని తేజస్విని తన శిక్షణలో నేర్చుకుని ఉంది. చేతికి అప్పటికే సగం కట్టు కట్టేసింది. సురేంద్ర ముఖం తెల్లగా పాలిపోయి, ఉద్యోగం ఊడుతుందో జైలే పడుతుందో తేల్చుకోలేక నిలబడ్డాడు. అంతలో సంతోష్ ఫోను అందుకుని షేర్ ఆటోలో వచ్చిన బుచ్చమ్మ, చేతులకు జొన్నపిండితోనే జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చింది. భర్తను చూసింది. ఆయన చెయ్యి అందుకుని వాసన చూసింది. తల ఎత్తి పన్నెండు అంతస్తుల ఎర్రటి చారలను చూసింది. తర్వాత చుట్టూ ఉన్న రెండువేలమందిని చూసింది.

"రక్తం ఏడున్నది?" అంది. "పసుపుల సబ్బు పడితే ఎర్రగనే అయితది. ఇంతమంది సదువుకున్నోళ్ళు, ఒక్కలన్న ఇంట్ల బట్టలు ఉతకరా?"

చాలామంది తమ ఫోన్లలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టారు. మూటను తడవనియ్యొద్దని చెప్తే బకెట్టులోనే వేశావా అని బుచ్చమ్మ భర్తను ఒక పక్క తిడుతూ, ఇంకో పక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. దారి పొడుగునా ఆమె ఏమేమి అనుకుంటూ వచ్చిందో ఆయనకు అర్థమైంది. ఆమె భుజంమీద చెయ్యి వేశాడు. అక్కడ కూడా అయిదు వేళ్ళు అచ్చుపడ్డాయి.

భయం తీరిన సురేంద్రకు ఇప్పుడు కోపం వచ్చింది. పన్నెండు కావస్తోంది, డ్రోను వాళ్ళు వచ్చేశారు. ఇక నువ్వు తాడు ముట్టుకోవద్దు, విజిలు తెచ్చుకో పో అన్నాడు. డ్రోను గొట్టం పట్టుకుని పైకి లేచింది. అరగంటలో భవనం ముఖమంతా కడిగేసింది. ఎరుపు ఆనవాలు కూడా మిగల్లేదు. జనం చప్పట్లు కొట్టారు. లింగమూర్తి తలవంచుకుని నిలబడ్డాడు. డ్రోను ఆఖరుగా పన్నెండో అంతస్తు ఈశాన్య మూలకు వెళ్ళింది, నీళ్ళు కొట్టింది, దాని కెమెరా బొమ్మ కింద పెట్టిన తెరమీద కనబడింది.

మరక అక్కడే ఉంది. రెండోసారి కొట్టింది. మూడోసారి మందు కలిపి కొట్టింది. అయినా ఉంది.

"సార్, ఇది లోపలివైపు ఉన్నట్టుంది," అన్నాడు డ్రోను నడిపే అతను.

"లోపల సరోజమ్మ తుడుస్తాంది," అన్నాడు సురేంద్ర, నాలుగు నెలలుగా అలవాటైన మాట కావడంతో. "లోపలిదైతే పోవల్ల గదా?"

జనంలో నిలబడ్డ రామబ్రహ్మం చేతిలోని రుమాలును జేబులో కుక్కుకున్నాడు. ఆయన నుదుట మూడు రేఖలూ మధ్యలో చెరిగిపోయి ఉన్నాయి. ఆ చెరుపు చూడదలచుకున్నవాడికి కనబడేంత స్పష్టంగా ఉంది. లింగమూర్తి చూశాడు. నాలుగు నెలలుగా తను చెప్పిందే నిజమని రుజువు చేసుకోవడానికి ఇప్పుడు ఒక్క వేలు ఎత్తితే చాలు. రెండువేలమంది సాక్షులు. ఎత్తితే ఈ మనిషికి ఆ గంట ఉండదు. ఆ గంట విలువ ఎంతో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"అది మిషిన్‌తోని అయ్యేది కాదు సారూ," అన్నాడు చివరికి. "మొండి మరక. మనిషే పోయి వారం వారం చూస్కోవాలె."

"ఔను," అన్నాడు రామబ్రహ్మం, అవసరమైన దానికన్నా చాలా త్వరగా. "ఈయన్నే ఉంచండి సురేంద్రా. అనుభవం ఉన్న మనిషి. డ్రోను వద్దు. ప్రతి బుధవారం రానీండి."

పెద్దసారు నోట మాట వచ్చాక సురేంద్ర ఇంకేమంటాడు. వాకీటాకీలో ఎవరికో ఆ మాటే చెప్పేశాడు. జనం తిరిగి లిఫ్టుల దగ్గర వరుస కట్టారు. అందరూ వెళ్ళాక రామబ్రహ్మం, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చాడు. బుచ్చమ్మ విప్పిన రొట్టెల మూటవైపు చూస్తూ గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ బర్రెలు ఎవరివయ్యా?"

"మా బామ్మర్దియి సారూ."

"పొద్దున నాలుగుంటాయి. మధ్యాహ్నం మూడే కనబడతాయి. నాలుగోది ఎక్కడికి పోతుంది?"

"పక్క టవర్ సెల్లార్ల పండుకుంటది సారూ. చల్లగుంటదని."

రామబ్రహ్మం చాలా కాలంగా పీడిస్తున్న లెక్క తేలిన మనిషిలా ఊపిరి వదిలాడు. బుచ్చమ్మ ఇచ్చిన సగం రొట్టె చేతిలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి ప్రతి బుధవారం రెండింటికి లింగమూర్తి పన్నెండో అంతస్తు దగ్గరికి దిగి, ఇవతలినుంచి ఆ మరకను శ్రద్ధగా తుడుస్తున్నాడు. అవతలినుంచి రామబ్రహ్మం దాన్ని శ్రద్ధగా పెడుతున్నాడు. ఈ మధ్య ఆ కంపెనీలో మూడువందలమందిని తీసేశారు, సురేంద్ర కూడా వేరే భవనానికి మారిపోయాడు. ఇప్పుడు ఆ టవర్‌లో పర్మినెంటు అని గట్టిగా చెప్పగలిగేవి రెండే: ఒకటి ఆ మరక, రెండు లింగమూర్తి.